మొదటి సాలులో తొమ్మిది మొక్కలు

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్ళు నిండిన నలభయ్యో రోజున, పూతకొచ్చిన తొమ్మిది బంగాళదుంప మొక్కలు వేళ్ళతో సహా లేచి పక్కకు పడిపోయాయి. 1971 జూన్ 20, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి. యాభై ఏళ్ళు దాటినా ఆ మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. తొమ్మిది మొక్కలకి ఇంత కోపమా అని మా పిల్లలు నవ్వుతారు. నా కోపం మొక్కలకోసం మాత్రమే కాదు. ఎవరి మీదో, ఎందుకో వరసగా చెబుతాను.

మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. ఐసెలిన్‌కి కారులో ఇరవై నిమిషాల దూరం. ఇప్పుడక్కడికి జనం చీరలకీ నగలకీ పోతున్నారు గాని, ఆ రోజుల్లో కందిపప్పు కావాలన్నా న్యూయార్క్ దాకా వెళ్ళవలసిందే. నాన్న ఇంజనీరు, మాకన్నా రెండేళ్ళు ముందు వచ్చారు. అమ్మా, నాయనమ్మా, నేనూ 1969 ఆగస్టులో వచ్చాం. బడిలో నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఏ ఆటలో ఉంటావని గాని, ఎవరి పక్కన కూర్చుంటావని గాని, కిటికీ తెరిస్తే చలేస్తుందా అని గాని ఎవరూ అడగలేదు. ఇంట్లోనూ అంతే. పెద్దవాళ్ళు అనుకునేవారు, పిల్లలు చేసేవారు.

పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. ఆయన తండ్రీ, తాతా బంగాళదుంపలు పండించినవాళ్ళు. పొలం పోయినా ఆయన దగ్గర చేత్తో నడిపే ఒక చిన్న దుక్కి మెషీన్ మిగిలింది. ఇంజను, తిరిగే ఇనుప పళ్ళు, వాటి వెనక తగిలించుకునే రెండు రెక్కలు. తాడు లాగి స్టార్ట్ చేసి, దాని వెనకే నడవాలి. రెండు సాళ్ళ మధ్య నడిపిస్తే ఆ రెక్కలు మట్టిని చీల్చి రెండు పక్కలా మొక్కల మొదళ్ళకి ఎగదోస్తాయి. బంగాళదుంపకి ఆ మట్టే ప్రాణం. దుంప ఊరేది విత్తనంగా నాటిన దుంప ముక్కకి పైన, కాండం పక్కన. మట్టి చాలకపోతే దుంప ఎండకి బయటపడి పచ్చబడుతుంది, చేదెక్కుతుంది, తింటే వాంతులవుతాయి. ఇవన్నీ ఆ పెద్దాయన నాకు చెప్పాడు. నాన్నకి కాదు, నాకు. నాన్న ఆఫీసులో ఉండేవారు.

ఏప్రిల్ 3, శనివారం నాడు నాలుగు సాళ్ళు వేశాం. సాలుకి పదిహేను మొక్కలు, అడుగుకొకటి. సాలుకీ సాలుకీ మధ్య మూడడుగులు. ఆ రోజు నాన్న మంచి హుషారుగా ఉన్నారు. చేతికంటిన మట్టి దులుపుకుంటూ, గరాజ్ వైపున్న మొదటి రెండు సాళ్ళూ చూపించి, "ఇవి నీవి. నిన్నడక్కుండా వీటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు, నేనైనా సరే" అన్నారు. ఆ మాట ఆయన సరదాకి అని ఉండవచ్చు. నేను సరదాకి తీసుకోలేదు. ఈ దేశానికి వచ్చిన పందొమ్మిది నెలల తరవాత, నన్ను అడగవలసిన వస్తువు ఒకటి నాకు దొరికింది.

మే 15న మొక్కలు తొమ్మిది అంగుళాలున్నప్పుడు మొదటిసారి మట్టి ఎగదోశాం. జూన్ 5న రెండోసారి. మెషీన్ నాన్న నడిపితే నేను స్కేలు పట్టుకుని వెనక నడిచాను. నాయనమ్మ గడ్డిలో మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు. పసుపు చేలలో మట్టి ఎగదోయడం చూస్తూ పెరిగిన మనిషి. మొదటి రోజే మెషీన్‌కి కుంకుమ బొట్టు పెట్టింది. పక్కింటి పెద్దాయన దాన్ని చూసి కూడా తుడవలేదు. ఆయన మాకు ఒకే ఒక నియమం పెట్టాడు: పళ్ళకి చుట్టుకున్న గడ్డి తీయాలన్నా, రెక్కలు బిగించాలన్నా ముందు స్పార్క్ ప్లగ్ మీది వైరు తొడుగు పీకేయాలి, అప్పుడు ఎవరు తాడు లాగినా ఇంజను తిరగదు, వేళ్ళు తెగవు. ఆయన చేసి చూపిస్తుంటే నేను తెలుగులో చెప్పాను, నాయనమ్మ వంగి చూసింది. ఆ తరవాత మేం మరిచిపోయినా ఆవిడ మరిచిపోలేదు. ఇంజను ఆగగానే "వైరు తీశావా?" అని కుర్చీలోంచే అడిగేది.

పెద్దాయన మరో మాట కూడా చెప్పాడు. పూత వచ్చాక సాళ్ళ మధ్య మెషీన్ పెట్టకూడదు. అప్పటికి వేళ్ళూ, పిందె దుంపలూ మట్టి నిండా పాకి ఉంటాయి. అప్పుడు ఎగదోస్తే ఎగిసేది మట్టి కాదు, పంట. జూన్ 14న నా మొదటి సాలులో మొదటి పువ్వు పూసింది. అదే వారం ఆయన కూతురి దగ్గరికి రెండు వారాలకని వెళుతూ, మెషీన్‌ని మా గరాజ్‌లో పెట్టి వెళ్ళాడు.

జూన్ 20న నాలుగు కుటుంబాలు మా ఇంటికి భోజనానికి వచ్చాయి. మాతో కలిపి పద్దెనిమిది మందిమి. అందరిలోకీ పెద్దవారు ఒక డాక్టరు అంకుల్. నాన్న ఈ దేశంలో దిగినప్పుడు మొదటి పదకొండు రోజులూ వాళ్ళింట్లోనే ఉన్నారు. ఆ పదకొండు రోజుల సంగతి మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో నా దగ్గర లెక్క లేదు, అప్పటికి లెక్కలు రాయడం మొదలుపెట్టలేదు. ఆయన మంచివాడు కాడని నేననను. గట్టిగా నవ్వేవాడు, గట్టిగా మాట్లాడేవాడు, తను ముచ్చటపడింది అందరికీ ముచ్చటేననుకునేవాడు. అంతే.

కారు దిగి గరాజ్‌లోంచి లోపలికి వస్తూ ఆయన మెషీన్‌ని చూశాడు.

"ఏమోయ్, ఇంట్లో ట్రాక్టర్ పెట్టుకుని చెప్పవేం?"

"ట్రాక్టర్ కాదండీ. పక్కింటాయనది. దుంపలకి మట్టి ఎగదోసుకోవడానికి" అన్నారు నాన్న.

"మాది పుట్టుకతో వ్యవసాయమోయ్. సూది పట్టకముందు నాగలి పట్టిన చెయ్యిది. భోజనాలకి ఇంకా టైముందిగా, పద, ఒక రౌండ్ వేద్దాం."

నేను అక్కడే ఉన్నాను. చెప్పవలసింది చెప్పాను. "అంకుల్, రెండుసార్లు ఎగదోసేశాం. పూత వచ్చాక మెషీన్ పెట్టకూడదు. వేళ్ళు తెగిపోతాయి."

"చూశావా, నీ కూతురు నాకే ప్రిస్క్రిప్షన్ రాస్తోంది" అన్నాడాయన. మగవాళ్ళందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా మెషీన్ హ్యాండిల్ పట్టుకుని బయటికి తిప్పుతున్నారు.

"నాన్నా, అవి నా సాళ్ళు."

"పోనీలేమ్మా. అంకుల్ సరదాపడుతున్నారు. ఒక్క సాలేగా."

"నన్నడక్కుండా ఎవరూ చెయ్యి వెయ్యరన్నారు."

"మనింటికి వచ్చినవాళ్ళమ్మా" అన్నారు నాన్న, గొంతు తగ్గించి. ఆ తగ్గించిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తే. తనకి ఇష్టం లేదని అందులో తెలుస్తూనే ఉంది. ఇష్టం లేని మనిషి చేతులతోనే ఆయన తాడు లాగి స్టార్ట్ చేసి ఇచ్చారు.

రెక్కలు చివరిసారి వాడినప్పటి లోతులోనే ఉన్నాయి. అంకుల్ వాటిని చూడలేదు. గరాజ్ వైపు నుంచి మొదటి సాలు పక్కన పెట్టి నడిపాడు. నాలుగడుగులు తిన్నగా వెళ్ళింది. తరవాత ఆయన వెనక్కి తిరిగి మావాళ్ళతో ఏదో అంటూ నవ్వాడు, మెషీన్ ఎడమకి ఒరిగి, ఎగదోసిన మట్టిగట్టు, ఆ బోదె మీదికే ఎక్కింది. ఒక రెక్క బోదెని పక్కనుంచి కోసుకుంటూ పోయింది. తెల్లటి వేళ్ళు, వాటి చివర గోలీకాయలంత దుంపలు పైకి లేచాయి. పువ్వులతో సహా మొక్కలు ఒకదాని మీద ఒకటి వాలాయి. అంకుల్‌కి ఇంజను మోతలో ఏమీ తెలియలేదు. చివరిదాకా వెళ్ళి, చెయ్యి పైకెత్తాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫోటో తీశాడు. నాన్న చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడం ఏం గొప్ప?

మెషీన్‌ని తిప్పి తెచ్చి మొదటి సాలుకీ రెండో సాలుకీ మధ్య నిలబెట్టారు. ఈసారి అది వెళ్ళితే రెండు పక్కలా నా మొక్కలే. అంతలో అమ్మ మజ్జిగ పంపింది. ఇంజను ఆపి అందరూ నీడకి వెళ్ళారు. నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని, నేల మీద పడిన పువ్వేదో ఏరుకోవడానికన్నట్టు మెషీన్ పక్కన వంగింది. ఒక్క క్షణం. చేతులు తుడుచుకునే పాతగుడ్డ ఇంజను మీద వేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది. నా వైపు చూసి, వేలు పెదాల దాకా తేకుండానే, కళ్ళతోనే నోరు మూసుకోమంది.

అంకుల్ వచ్చి తాడు లాగాడు. లెక్కపెట్టాను. ఇరవై మూడుసార్లు లాగాడు.

"చోక్ వెయ్యండి డాక్టరుగారూ."

"వేశానయ్యా."

"అయితే ఫ్లడ్ అయింది. పది నిమిషాలు వదిలెయ్యాలి."

"పెట్రోలుందా?"

"నిండా ఉంది."

"కార్బ్యురేటర్. కచ్చితంగా కార్బ్యురేటరే."

అక్కడున్న అయిదుగురు మగవాళ్ళలో నలుగురు ఇంజనీర్లు. ఒక్కరూ ఆ గుడ్డ ఎత్తి చూడలేదు. అంకుల్ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. చివరికి "డొక్కుదోయ్ ఇది" అని వదిలేశాడు. అందరూ భోజనాలకి వెళ్ళారు. నా రెండో సాలు మిగిలింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే, తెలివైన నాయనమ్మ గురించి అందరూ చెప్పుకునే కథల్లో ఒకటయ్యేది. నేనే ఆగనివ్వలేదు.

భోజనాల దగ్గర అంకుల్ అందరికీ మెషీన్ సంగతి చెబుతున్నాడు. నాయనమ్మ పెరుగు గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. నాన్న, నిజంగా బాధపడుతున్న గొంతుతో, "సారీ అండీ. మీరొస్తున్నారని తెలిసి ముందే చూసి పెట్టుకోవలసింది" అన్నారు.

సారీ. తన మాట నమ్మిన పిల్ల సాలు నేలమట్టమైన గంటలోపే, దాన్ని నేలమట్టం చేసిన మనిషికి నాన్న సారీ చెప్పారు. ఆ రోజు ఫాదర్స్ డే అని మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బడిలో చేయించిన కార్డు నా సంచీలో ఉంది. అది ఆ సంచీలోనే ఉండిపోయింది.

నేను నిలబడ్డాను. "మెషీన్ బాగానే ఉంది. నాయనమ్మ వైరు పీకేసింది. పాడయింది నా సాలు. పాడుచేసింది మీరు."

అంకుల్ నన్ను చూడలేదు, నాయనమ్మని చూశాడు. అందరూ ఆవిడనే చూశారు. ఆవిడ గిన్నెలోంచి గరిటె తీసి, మళ్ళీ గిన్నెలోనే పెట్టింది.

"అంకుల్‌కి సారీ చెప్పు" అన్నారు నాన్న.

"చెప్పను."

"చెప్పమన్నానా?"

"నేను తప్పు చెయ్యలేదు. చెప్పను."

అప్పుడు నాయనమ్మ మాట్లాడింది. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది. "నిజమే బాబూ, నేనే తీశాను. పిల్ల నోరు తెరిచి వద్దంది. ఎవరూ వినలేదు. నాకు నీ ముఖం మీద వద్దనడం చేతకాక వైరు పీకాను. నా కొడుక్కీ చేతకాదు. నా పెంపకమే అది. పెరుగు వేసుకో."

అంకుల్ పెరుగు వేసుకున్నాడు. అన్నం సగం వదిలేసి చేతులు కడుక్కున్నాడు. పెరట్లోకి వెళ్ళి మొదటి సాలు దగ్గర కాసేపు నిలబడి, వచ్చి, పనుందని చెప్పి బయలుదేరాడు. మిగిలినవాళ్ళు కాఫీ తాగి అరగంటలో వెళ్ళిపోయారు. అంకుల్ మళ్ళీ మా ఇంటికి అక్టోబరులో వచ్చాడు. దుంపల మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళాక నేను నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆవిడ గిన్నెలు సర్దుతూ నా వైపు తిరగకుండానే అంది.

"ఆ డాక్టరుకి ఎదురు చెప్పావు, బాగుంది. నాకు రానిది నీకొచ్చింది. మరి నా సంగతెందుకు చెప్పావే?"

"నిజమే కదా చెప్పాను."

"నిజమే. నీకోసం చాటుగా చేసిన పని. పదిమంది ముందూ పరిచేశావు. చెప్పమంటావా నాయనమ్మా అని నన్నడిగావా?"

నేను తడిగిన్నె ఒకటి తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

"మీ నాన్న నిన్నడగలేదని కదా నీ ఏడుపంతా" అంది. అని, లోపలికి వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆవిడ కోపం ఒక్క పూట. మర్నాటికి మామూలు మనిషైపోయింది. నాన్న మాత్రం నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

సోమవారం సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి రాగానే, బట్టలు కూడా మార్చుకోకుండా, చేతి పారతో మొదటి సాలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. పైకి తేలిన దుంపల మీదికి మట్టి లాగారు. ఒరిగిన మొక్కలకి పుల్లలు కట్టారు. చీకటి పడేదాకా చేశారు. కిటికీలోంచి చూపిస్తూ అమ్మ, "అదే మీ నాన్న సారీ చెప్పడం" అంది. నేనొప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. అంకుల్‌కి చెప్పేటప్పుడు ఆయనకి మాటలు బాగానే వచ్చాయి. నా దగ్గరికి వచ్చేసరికి పార ఎందుకు కావలసి వచ్చింది? మా ఇళ్ళల్లో ఇదొక అలవాటు. బయటివాళ్ళకి మాటలు, ఇంట్లోవాళ్ళకి పనులు. ఇంట్లోవాళ్ళే వాటికి అర్థం చెప్పుకుని సర్దుకోవాలి.

ఆగస్టు 14, శనివారం దుంపలు తవ్వాం. మొదటి సాలులో పదిహేనుకి ఆరు మొక్కలు బతికాయి. ఇరవై ఏడు దుంపలు, వాటిలో పదకొండు పచ్చబడ్డాయి, పారేశాం. మిగిలినవి పదహారు. రెండో సాలులో పదిహేనుకి పదిహేను మొక్కలు, నూట ఎనిమిది దుంపలు, ఒక్కటీ పచ్చబడలేదు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి నాన్న కాఫీ కప్పు కింద పెట్టాను. నేను రాసిన మొదటి లెక్క అది. ఆయన చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తరవాత నా జీవితమంతా నేను వద్దనుకున్న చోట వద్దనే అన్నాను. పెళ్ళిచూపుల్లో అన్నాను, ఆఫీసులో అన్నాను, మా ఇంట్లో నెల రోజులుంటామని ఫోను చేసిన బంధువులకీ అన్నాను. ఇంట్లో ఎవరో ఒప్పుకోవట్లేదనో, ఒంట్లో బాగోలేదనో సాకు పెట్టలేదు. నాకిష్టం లేదు, అని నా పేరు మీదే చెప్పాను. మన సంఘాల్లో నాకు ఏం పేరుందో నాకు తెలుసు. నాకోసం ఎవరైనా చాటుగా మేలు చేస్తే మాత్రం, వాళ్ళనడిగే నోరు తెరుస్తాను. ఈ రెండూ ఆ ఆదివారం వంటింట్లో నేర్చుకున్నవే.

నాన్న పోయి పద్దెనిమిదేళ్ళు. ఆయన మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోదలచుకోలేదు. అయితే ఆ కోపం వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఇంకొకటి వస్తుంది. నాయనమ్మ 1978 జనవరిలో పోయింది. ఆ ఆదివారం తరవాత ఆరేళ్ళ ఏడు నెలలు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఆవిడ తల దువ్వాను. కాళ్ళకి నూనె రాశాను. కళ్ళు సరిగా కనపడకపోతే ఉత్తరాలు చదివి పెట్టాను. చెప్పవలసిన మాట మాత్రం చెప్పలేదు. ఇవన్నీ చేస్తున్నాను కదా, ఆవిడకి అర్థమయ్యే ఉంటుందిలే అనుకున్నాను. నాన్న పార పట్టుకుని ఏం అనుకున్నారో, నేను నూనె గిన్నె పట్టుకుని సరిగ్గా అదే అనుకున్నాను.

నాయనమ్మా, నిన్ను అడగకుండా చెప్పాను, తప్పు నాదే.

ఇప్పుడు రాసి, లెక్కపెట్టి చూశాను. ఆరే మాటలు.